సూది లేని మత్తు

సిరోంచలో నా అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. బస్టాండులో దిగి మత్తు డాక్టరమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే మాత్రం, చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసు కింద పెట్టకుండానే దారి చూపిస్తారు. మహారాష్ట్రలో మా గడ్చిరోలి జిల్లా అంతా సారా నిషేధం కదా, ఆ పేరు విని నా దగ్గర చాటుగా ఏదైనా దొరుకుతుందేమోనని ఆశగా వచ్చిన పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు. పాపం, బీపీ చూసి పంపించాను.

నేను ఆపరేషన్ బల్ల మీద మనుషులకు మత్తు ఇచ్చే డాక్టర్ని. ఊరి చివర ఉన్న ఒక చిన్న ట్రస్టు దవాఖానలో ఉద్యోగమంతా గడిచిపోయింది. ఇప్పుడు ఖాళీ. మా వాళ్లమ్మాయి ఒకతె ఇదే చదువు చదువుతోంది. మొన్న వచ్చినప్పుడు, "అత్తమ్మా, మీరు ఉత్త మాటలతోటి నొప్పి తగ్గించేటోళ్లట గద, అదెట్లనో రాసియ్యరాదు?" అని అడిగింది. దాని కోసమే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. మా దవాఖానలో ప్రమోషన్ అంటే ఫ్యాను కింది కుర్చీ దొరకడమే, అది నాకు చాలా ఆలస్యంగా దొరికింది.

ముందుగా ఒక మాట చెప్పాలి. హిప్నోసిస్ అంటే నిద్ర కాదు, ఎవరినీ వశం చేసుకోవడమూ కాదు. మంచి సినిమా చూస్తున్నప్పుడు దోమ కుట్టినా తెలియదు చూడండి, అదే ఇది. మనిషి మెలకువగానే ఉంటాడు, మన మాట వింటూనే ఉంటాడు, ధ్యాస మాత్రం వేరేచోట కుదురుకుంటుంది. నొప్పి ఉన్నచోటే ఉంటుంది గానీ దాని పెత్తనం తగ్గుతుంది. కొందరికి ఇది బాగా పనిచేస్తుంది, కొందరికి కొంచెం. కొందరికి మనం తలకిందులుగా నిలబడి చెప్పినా లాభం లేదు. అటువంటివాళ్లకు మందు ఉంది, సూది ఉంది. అవి ఇవ్వడానికి సిగ్గుపడేవాళ్లు ఈ పనిలోకి రావద్దు.

పేరుతో వచ్చిన తంటా

నాగపూర్‌లో కొన్నాళ్లు శిక్షణ తీసుకుని వచ్చాను. తెలివి ఎక్కువైన మా ఆఫీసు గుమాస్తా నన్నడగకుండానే నా గది తలుపు మీద 'సమ్మోహన్ ఉపచార్' అని మరాఠీలో బోర్డు రాయించి పెట్టాడు. మరాఠీలో అది మర్యాదైన వైద్యం మాటే. తెలుగు చెవికి మాత్రం సమ్మోహనమంటే మందుపెట్టి మనిషిని తిప్పుకోవడమే.

మర్నాడు మొదట వచ్చింది బట్టల దుకాణం నడిపే కుర్రవాడు. భార్య అలిగి ఆష్టిలో పుట్టింటికి వెళ్లిందట. ఇక్కణ్ణుంచే ఆమె మనసు మళ్లించాలని అడుగుతూ ఫొటో కూడా తెచ్చాడు. నేను కోప్పడబోయి, నవ్వొచ్చి, ఆష్టికి బస్సు ఎన్నింటికి ఉందో కనుక్కుని చెప్పాను. తరవాత ఒకామె వచ్చి అత్తకు మాట పడిపోయేలా చేయమంది. వరండాలో కూర్చున్న ముసలమ్మలు నా గది ముందుకు రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బాణామతి బాణామతి అని గొణుక్కుంటూ దాటిపోయేవారు. ఆ సాయంత్రమే బోర్డు ఊడదీయించాను.

అప్పటి నుంచి దానికి పేరే పెట్టలేదు. రండి, కాసేపు మాట్లాడుకుందాం అనేదాన్ని, అంతే. పేరు గొప్పది పెడితే జనం దానికి భయమన్నా పడతారు, దాని మీద లేని ఆశన్నా పెట్టుకుంటారు. రెండూ మన పనికి అడ్డమే.

సముద్రం చూడనివాళ్లకు సముద్రం

శిక్షణలో మాకు నేర్పిన వరస ఒకటి ఉండేది. కళ్లు మూసుకోండి, మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు, అలలు వస్తున్నాయి, పోతున్నాయి. చెప్పే మాస్టారు ముంబైవాడు, ఆయనకు సరిపోయింది. నేను సముద్రం చూసింది ఒక్కసారే, అప్పుడూ చెప్పులు పోగొట్టుకున్నాను. సిరోంచలో ఎవరికి చెప్పను అలల గురించి? అందుకని నా తెలివి ఉపయోగించి సముద్రాన్ని నదిగా మార్చాను. మనకు ప్రాణహిత ఉంది, గోదావరి ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

నది ఒడ్డు ఊరి నుంచి రాజన్న అనే వరి రైతు వచ్చాడు. ఏళ్ల తరబడి నడుము నొప్పి. ఎక్స్‌రే ఫొటోలన్నీ తీయించాం, కోయాల్సిన జబ్బేమీ లేదు. పడుకోబెట్టి మెల్లగా మొదలుపెట్టాను. నది ఒడ్డున కూర్చున్నావు రాజన్నా, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, నీళ్లు మెల్లమెల్లగా దగ్గరికి వస్తున్నాయి. అంతవరకే అన్నాను. రాజన్న మంచం మీద దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఎంత దూరంల ఉన్నయి నీళ్లు? మోటరు ఒడ్డుకే ఉన్నది డాక్టరమ్మా, పైకి గుంజాలె."

వానాకాలంలో నీళ్లు ఎక్కి పొలం మునిగినవాడికి నేను చెప్పిన కథ అది. నడుము పట్టుకుని వచ్చినవాడు మెడ కూడా పట్టేసి వెళ్లాడు. తరవాతిసారి కాస్త బుద్ధి తెచ్చుకుని, ముందు అతన్నే అడిగాను, నీ ప్రాణానికి నిమ్మళంగా ఉండేది ఎక్కడ అని. చాలాసేపు ఆలోచించి చెప్పాడు: "వడ్లు దింపినంక, ఖాళీ బండిల ఎల్లెలకల పండుకొని ఇంటికొస్తం సూడు, గప్పుడు. ఎడ్లకు తొవ్వ ఎరుకే గద."

ఏ పుస్తకంలోనూ ఇంత మంచి మాట లేదు. ఆ ఖాళీ బండిలోనే అతన్ని పడుకోబెట్టాను, ఎడ్లనే నడవనిచ్చాను. నడుము పూర్తిగా బాగుపడిందని అబద్ధం చెప్పను. నొప్పితో కాపురం చేయడం నేర్చుకున్నాడు, నాగలి మళ్లీ పట్టాడు.

నొప్పికి కూడా అంతే, వాళ్ల మాటే వాడాలి. ఒకరికి గుంజుతుంది, ఒకరికి సలుపుతుంది, ఒకరికి పోటు, ఒకరికి మంట. గుంజే నొప్పిని వదులు చేయాలి, మంటను చల్లార్చాలి. అన్నిటినీ కేసు కాగితం మీద నొప్పి అని ఒకటే రాసి పారేస్తే, చేతిలో ఉన్న తాళంచెవి బావిలో వేసుకున్నట్టే.

సాహెబ్

మా పెద్ద సర్జన్‌ను అందరం సాహెబ్ అనేవాళ్లం. చంద్రపూర్ వైపు మరాఠీ మనిషి. చెయ్యి బంగారం, నోరు మిరపకాయ. సూది ఇస్తే వైద్యం, మిగతాదంతా నాటకం అని మరాఠీలో అందరికీ వినపడేలా అనేవాడు. నేను రోగితో మాట్లాడుతుంటే తలుపు దగ్గర నిలబడి, నాటకం ఎన్నో అంకంలో ఉందని అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది.

అయినా ఈ పనిలో మొట్టమొదటి నియమం నేర్పింది ఆయనే. ఒకరోజు కిరాణా దుకాణం సేటు కడుపు పట్టుకుని తిన్నగా నా గదికి వచ్చాడు. సూదంటే అతనికి చచ్చేంత భయం. మీ మాటల వైద్యమే చెయ్యండి మేడం అని బతిమాలాడు. నన్ను వెతుక్కుంటూ ఒకరు రావడమే కొత్త, నేను కొంచెం ఉబ్బిపోయి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను కూడా. సాహెబ్ లోపలికి వచ్చి సేటు కడుపు నొక్కి వదిలాడు. సేటు కెవ్వుమన్నాడు. "కడుపు ఏదో చెప్తోంది. అది చెప్పేలోపే దాని నోరు నొక్కేస్తావా?" అన్నాడు నాతో.

అపెండిక్స్. అప్పటికప్పుడు కోశాం, మత్తు సూది నేనే ఇచ్చాను. ఎందుకు నొస్తోందో తెలియకుండా నొప్పిని తగ్గించవద్దు. ఆయనను నేను చాలా తిట్టుకున్నాను గానీ ఆ ఒక్క మాటకు దండం పెడతాను. సేటు మాత్రం కుట్లు చొక్కా కింద దాచుకుని, డాక్టరమ్మ మాటలతోనే కడుపు తగ్గిందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

పోశక్క చెయ్యి

ఇక నేను అసలు రాయాలనుకున్న మనిషి పోశక్క. ప్రాణహిత ఒడ్డున వరి పండించే ఇల్లు. భర్త అహేరి నుంచి బండి మీద వస్తూ లారీ తగిలి పోయాడు. ఇద్దరు పిల్లలు, అత్త మల్లవ్వ. ఉన్న కొంచెం పొలం కాక, నాట్ల కాలంలో ఊళ్లో ఆడవాళ్లను వెంటేసుకుని చుట్టుపక్కల మళ్లన్నీ నాటేది పోశక్కే. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆమె కుడిచెయ్యి.

బంధువుల పెళ్లిలో వంట చేస్తుండగా కాగిన నూనె మూకుడు ఒరిగి ఆ చెయ్యే కాలింది, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా. పుండు మానుతుంది, దానికి మందులున్నాయి. కష్టం ఏమిటంటే, కాలిన చర్మం మానుతూ మానుతూ బిగుసుకుంటుంది, వేళ్లను లోపలికి లాగేస్తుంది. కట్టు మార్చిన ప్రతిసారీ, పచ్చిగా ఉన్నప్పుడే, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి సాగదీయాలి. లేకపోతే చెయ్యి పిడికిలిలా మూసుకుపోయి అట్లాగే ఉండిపోతుంది. అట్లా ఉన్న చేత్తో నారు పట్టలేరు.

పోశక్క అరిచేది కాదు. అరిస్తే మేలుండేది. పళ్లు బిగబట్టి, కళ్లు పైకప్పుకు అప్పగించి, చెయ్యిని కట్టె చేసేసేది. నర్సు ఎంత విప్పబోతే అంత బిగిసేది. నొప్పి మందులు ఇస్తూనే ఉన్నాం. పూర్తి మత్తు మాటిమాటికీ ఇవ్వలేం. సాహెబ్ చూసి, ఇట్లాగే ఉంటే నాగపూర్ పంపి ఆపరేషన్ చేయించడమే అన్నాడు. నాగపూర్ అనగానే మల్లవ్వ మూట సర్దడం మొదలుపెట్టింది. ఏటపల్లి అవతల ఎవరో ఆకుపసరు పోస్తారట, అక్కడికే తీసుకుపోతానంది. వెళ్తే ఆ చెయ్యి ఇక తెరుచుకోదని నాకు తెలుసు. జర ఆగమని మల్లవ్వను బతిమాలి పోశక్క పక్కన కూర్చున్నాను.

ఎట్లా ఉంది అని అడిగితే ఆమె మంట అనలేదు. ఎవరో లోపలి నుంచి గట్టిగా పట్టుకున్నట్టుంది అన్నది. చేతికి ఎక్కడ హాయిగా ఉంటుందని అడిగితే నాటుమడి బురదలో అన్నది, పొద్దున్నే, ఎండ రాకముందు. సరే, ఆ బురదలోనే చెయ్యి పెట్టించాను. చల్లటి బురద, వేళ్ల మధ్య నుంచి జారుతున్న బురద. కొంచెం వదులైంది. కొంచెమే.

ఇంకాస్త లోతుకు తీసుకెళ్లాలంటే పది నుంచి కిందికి లెక్కపెట్టమని మా శిక్షణలో చెప్పారు. మరాఠీవాళ్లతో ఎప్పుడూ దహా, నఊ, ఆఠ్, సాత్ అని దిగేదాన్ని. తెలుగువాళ్లతో లెక్క జోలికి పెద్దగా పోలేదు. ఆ రోజు పోశక్కకు దాన్నే తెలుగులో చెప్పాను. పది. ఆగాను. తొమ్మిది. ఊపిరి నెమ్మదించింది. ఎనిమిది. కనురెప్పలు బరువెక్కాయి. ఏడు.

పోశక్క ముఖం ఒక్కసారిగా ముడుచుకుంది. కంటి కొస నుంచి నీళ్లు జారాయి. తరవాత గొంతు వచ్చింది, చిన్నగా మొదలై పెద్దదైంది. వెక్కి వెక్కి, రొమ్ము అదిరేలా ఏడ్చింది.

 అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. మాది వడ్ల వ్యాపారం. మానికతో గింజలు కొలిచేటప్పుడు నాన్న ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఆరు తరవాత ఏడు అనేవాడు కాదు, ఆరున్నొక్కటి అనేవాడు. గింజల మీద ఆ ఏడుపు మాట పడకూడదట. వ్యాపారస్థుల చాదస్తమని నేను నవ్వేదాన్ని. ఆ స్థితిలో ఉన్న మనిషి మన మాటను అక్షరాలా తీసుకుంటాడని పుస్తకంలో చదివిన నేను, మత్తులోకి జారుతున్న మనిషి చెవిలో మెల్లగా, ప్రేమగా, ఏడు అన్నాను. లెక్క ఆపేసి ఆమెను పైకి తీసుకురాబోయాను.

నర్సు నా మోచెయ్యి గిల్లింది. చూస్తే పోశక్క చెయ్యి కట్టులోనే తెరుచుకుని ఉంది. వేళ్లు తామరాకు మీద పెట్టినట్టు మెత్తగా పడి ఉన్నాయి. ఆమెను పైకి తీసుకురావడం మానేశాను. నర్సు కట్టు విప్పి, కడిగి, ఒక్కో వేలూ సాగదీసి మళ్లీ కట్టింది. పోశక్క ఏడుస్తూనే ఉంది గానీ చెయ్యి ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

అత్తాకోడళ్లు

ఏడుపు వరండా దాకా వినిపించింది. మల్లవ్వ పరదా తోసుకుని లోపలికి వచ్చింది.

"నొప్పి తియ్యమంటే ఏడిపిస్తున్నవా? నా కొడుకు పోయిన్నాడు గూడ మా ఇంట్ల ఎవ్వలం నోరిప్పి ఏడ్వలేదు. పోరగాండ్లు జడుసుకుంటరని నేనే వద్దన్న. అది ఏడ్వలేదు, నేనేడ్వలేదు. నువ్వేం మంత్రమేసినవ్?"

 జరిగింది నేను అనుకుని చేసినది కాదు, అదే నా వైద్యమని అబద్ధమాడలేను. లే, ఇంటికి పోదాం పా అని మల్లవ్వ కోడలి భుజం పట్టుకుంది. ఆ క్షణాన నాకు నిజంగా భయమేసింది. ఈ పూట తెరుచుకున్న చెయ్యి ఊరికి వెళ్తే మళ్లీ మూసుకుంటుంది. మల్లవ్వను ఆపే హక్కు నాకు లేదు.

పోశక్క కళ్లు తెరిచింది. ఎడమచేత్తో అత్త చెయ్యి పట్టుకుంది. 

"అత్తా, నన్ను జర ఏడ్వనియ్యి."

మల్లవ్వ భుజం వదిలింది. పరదా వేసి బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు బస్సు ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు.

తరవాత నుంచి కట్టు మార్చే ప్రతిసారీ పోశక్కే నాకు చెప్పేది, ఏడు దగ్గర జర ఆగు డాక్టరమ్మా అని. కొన్ని రోజులు ఏడ్చేది. కొన్ని రోజులు ఊరికే కళ్లు మూసుకుని, మొగుడి గురించి ఏదో గుర్తొచ్చి నవ్వేది. వేళ్లు మాత్రం విప్పనిచ్చేది. నొప్పి ఎక్కడ పోయిందని అడిగితే, ఉన్నది గాని నేను దాన్ని పట్టుకుంటలేను అన్నది. దుఃఖమూ నొప్పీ ఒకే పిడికిట్లో ఉన్నాయేమో, ఒకటి వదిలితే రెండోది జారిందేమో. నాకు తెలియదు. తెలిసినట్టు పెద్ద మాటలు రాసేవాళ్లను నమ్మకండి. అందరికీ ఏడు అని చెప్పి ఏడిపించమని కూడా నేను అనడం లేదు. తరవాత చాలామందికి అదే లెక్క పెట్టాను, వాళ్లకు అది ఉత్త అంకెగానే వినిపించింది. ఒకాయనైతే గురక పెట్టాడు. జాగ్రత్తకు చివరికి కొత్తవాళ్లతో నేనూ ఆరున్నొక్కటే అనేదాన్ని.

సాహెబ్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. అంకం గింకం అనలేదు. పోశక్క వేళ్లను తన చేతిలోకి తీసుకుని ఒక్కోటీ వంచి, విప్పి, నాగపూర్ పంపడానికి రాసిన కాగితం చించేయమని గుమాస్తాకు చెప్పాడు. పోతూ పోతూ, వరండాలో నేల మీద కూర్చున్న మల్లవ్వకు తన కుర్చీ వేయించాడు.

చిటికెన వేలు కొంచెం వంకరగానే మిగిలింది. నారు పట్టడానికి బొటనవేలూ పక్క రెండు వేళ్లూ చాలు, అవి బాగా తెరుచుకున్నాయి. కట్టు పూర్తిగా తీసేసిన రోజు నర్సు గరిక పోచలు తెచ్చి ఇస్తే, పోశక్క వాటిని బల్ల మీద ఒక్కొక్కటే నాటు వేసినట్టు వేసి చూపించింది. అందరం నవ్వాం. నాట్లకు వేళవుతోందని, బస్సులో సీటు పట్టుకుంటానని ఆమె మూటతో ముందే వెళ్లిపోయింది.

మల్లవ్వ వెళ్లలేదు. గదిలోకి వచ్చి పరదా తనే వేసింది. ఇన్నాళ్లూ నాతో ముభావంగా ఉన్న మనిషి, కోడలు పడుకున్న మంచం అంచున కూర్చుని, "నాకు గూడ జర లెక్కవెట్టు బిడ్డా" అన్నది. మోకాళ్లేమో అనుకుని, ఎక్కడ నొస్తోందవ్వా అని అడిగాను.

"యాడ నొస్తలేదు. ఏడు దాక వెట్టు, సాలు."

కళ్లు మూసుకోమన్నాను. పది అన్నాను. ఆమె ఎనిమిది దాకా కూడా ఆగలేదు.